గడ్డపారలు లాక్కున్న వేసవి

ఆ ఏడాది రేవులో ఉన్న గడ్డపారలన్నీ నేనే లాక్కున్నాను. మొత్తం ఇరవై మూడు. ఇరవై మూడోది నా మొగుడిది.

నవంబరు ఆఖరు, మా దేశంలో వేసవి మొదలయ్యే రోజులు. సంఘం షెడ్డులో రేకుల కింద ఉడికిపోతూ కూర్చున్నాం. నలభై మంది ఉంటారు. నేను అధ్యక్షురాలినై అప్పటికి నాలుగు నెలలు. నాలుగు నెలల్లో ఒక్క మీటింగు కూడా అరుపుల్లేకుండా ముగియలేదు. ఆ అరుపుల్లో సగం నావే.

మా ఎల్ సెర్నీదో రేవు బతికేది ఒక్కదాని మీదే, నల్ల ఉయిరో అనే సముద్రపు నాచు మీద. నాచు అంటే కాలు జారే పాచి అనుకునేరు. ఉయిరో అడవి. రాళ్ళను కరుచుకుని మనిషెత్తు పెరుగుతుంది, చోటు బాగుంటే ఇద్దరు మనుషులెత్తు. కాండం మణికట్టంత. ఆకులు తోలు పట్టీల్లా ఉంటాయి. ఆటుకు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు రాళ్ళన్నీ తలారబోసుకుని పడుకున్న ఆడవాళ్ళలా కనిపిస్తాయి. దాని నీడలోనే పీతలు, నత్తలు, గుడ్లు పెట్టుకునే రాతిచేపలు. మేం దాన్ని ఒడ్డున పరిచి ఎండబెట్టి మిల్లుకు వేస్తాం. మిల్లువాళ్ళు పిండి కొట్టి ఓడలకెక్కిస్తారు. ఐస్‌క్రీముల్లో కలుపుతారట. మా రేవులో ఐస్‌క్రీము దొరకదు.

వెనకటికి సముద్రం తెంపి ఒడ్డున పారేసిందే ఏరుకునేవాళ్ళు. మా అత్త సునీల్దా ఇప్పటికీ అంతే. పొద్దున్నే కొక్కెం కర్ర పట్టుకుని ఒడ్డు వెంట నడిచి, అల తెచ్చింది లాక్కుని వస్తుంది. మిల్లు లారీలు రోజూ రావడం మొదలయ్యాక మగవాళ్ళు గడ్డపారలు పట్టారు. రాతికీ మొక్కకూ మధ్య పార దూర్చి ఒక్క కుమ్ము. మొక్క మొదలంటా ఊడి వస్తుంది. రెండేళ్ళలో ఉత్తరపు రాళ్ళన్నీ బోడిగుండ్లయ్యాయి. మిగిలింది లోబెరా గట్టు ఒక్కటి. ఆ గట్టును ప్రభుత్వం మా సంఘానికి రాసిచ్చింది. అది పోతే రేవు పోయినట్టే. ఇదీ ఆ రోజు మీటింగు.

"అధ్యక్షురాలా, పార వద్దంటే దేంతో తియ్యమంటావ్?" అన్నాడు ఎలియాసర్. పార పట్టిన మగవాళ్ళలో నోరున్నవాడు అతనే. "పళ్ళతోనా? నాకున్నవి నాలుగు. అందులో రెండు కదుల్తున్నాయి."

షెడ్డంతా నవ్వింది.

"కొడవలితో," అన్నాను.

నవ్వు ఆగింది. నేను వారం రోజులుగా మనసులో నూరుకున్నది బయటపెట్టాను. నేను ఈ ఒడ్డున పుట్టలేదు. లోయలో పుట్టాను. మా నాన్న లూసర్న్ గడ్డి కోసేవాడు. మొదలుంచి కోస్తే నలభై రోజులకు మళ్ళీ మోకాలెత్తు వచ్చేది. పీకితే పొలంలో మట్టే మిగులుతుంది. మన అఖాతంలో తేలే ఉయిరోను చూడండి, పడవలవాళ్ళు తలలు కోసుకుపోతారు, నెల తిరిగేసరికి మళ్ళీ అంత. కాబట్టి కాండం మీద జానెడు ఉంచి కొడవలితో కొయ్యండి. వేరు రాతి మీదే ఉంటుంది. వేరుంటే మొక్క ఉన్నట్టే. పార పట్టినవాడు సంఘంలో ఉండడు.

చప్పట్లు పడ్డాయి, ముఖ్యంగా ఆడవాళ్ళ వైపు నుంచి.

అప్పుడు వెనక బెంచీ మీంచి నొల్బెర్తో లేచాడు. మా ఆయన. పదిహేడేళ్ళ కాపురంలో అతను మీటింగులో నోరు విప్పగా నేను చూడలేదు. టోపీ చేతిలో నలుపుతూ, గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఇది ఆ జాతి కాదు క్లోరీ. తేలేది వేరు, నల్లది వేరు. ఇది కోసిన చోట చిగురెయ్యదు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూశా. అల విరిచేసిన మొక్కలు ఉంటాయి గదా, మొండి మిగిలి ఉంటది. అది కుళ్ళుద్ది. ఎప్పుడూ లేచింది లేదు. నువ్వు వేరంటున్నావ్. అది వేరు కాదు, గుప్పిట. రాయిని పట్టుకోడానికి గుప్పిట. చెయ్యి నరికేసి గుప్పిట ఉంచితే ఏం మొలుస్తది?"

"మరేం చెయ్యాలంటావు?"

"మా నాన్న చేసినట్టు. మూడు మొక్కల్లో ఒకటి, ముదురుది, మొదలంటా తియ్యాలి. పక్క రెండూ ముట్టుకోకూడదు. ఖాళీ అయిన రాతి మీద పిల్లమొక్కలు దిగుతాయి. మేం ఆశకు పోయి మూడూ ఎత్తాం. తప్పు చేశాం. కాకపోతే తప్పు పారది కాదు, పట్టినోళ్ళది."

ఇప్పుడు ఆ మాటలు రాస్తుంటే అందులో తప్పు ఒక్కటీ కనపడదు. ఆ రోజు నాకు వినపడింది మాత్రం ఒక్కటే: పార వదల్లేని మగాడి గొణుగుడు. పైగా నా మొగుడు. ఇంట్లోవాడికే నచ్చజెప్పుకోలేనిది రేవుకేం చెప్తుంది అనుకోరూ?

"ఉత్తరపు రాళ్ళు బోడి చేసినప్పుడు మీ నాన్న గుర్తు రాలేదా?" అన్నాను. "అడవంతా పెరికి లారీకెత్తినోడివి, మొక్కల గురించి నాకు పాఠం చెప్తావా? సిగ్గుంటే కూర్చో."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఎలియాసర్ కూడా నవ్వాడు, తన మీద పడనందుకు.

"పెరికాను కాబట్టే చెప్తున్నా," అన్నాడు నొల్బెర్తో. "నీళ్ళలోకి దిగింది నేను. నువ్వు దిగలేదు."

"చేతులెత్తండి," అన్నాను.

ముప్పై ఒకటి, తొమ్మిది. ఒక్కొక్కరే వచ్చి పారలు తెచ్చి కుప్ప పోశారు. నొల్బెర్తో అందరికన్నా ఆఖర్న వచ్చాడు. విసిరేస్తాడనుకున్నాను. మెల్లగా ఆనించి, "ఇంద," అని వెళ్ళిపోయాడు.

*

డిసెంబరులో కోత మొదలుపెట్టాం. మధ్యాహ్నం ఆటుకు గట్టు మొత్తం బయటపడుతుంది. మోకాలు లోతు నీళ్ళలో వరసగా నిలబడి కోశాం, ఆడా మగా అందరూ. పారపని మగవాళ్ళదే, కొడవలిపని అందరిదీ. అందుకూ నాకు గర్వమే. కొడవలి పడితే ఉయిరో కసక్‌మని తెగుతుంది, తోలు తెగినట్టు. కట్టలు కట్టి భుజాల మీద మోసుకొచ్చాం. ఒడ్డున పరిస్తే కనుచూపు మేర నలుపు. పిల్లలు దాని మీద దొర్లారు. ఎవరో రేడియో పెట్టారు, ఎలియాసర్ తడి ఉయిరో నెత్తిన విగ్గులా పెట్టుకుని తైతక్కలాడాడు. ఆ రేవులో అంతమంది కలిసి నవ్వడం అంతకుముందు నేను ఎరగను.

సునీల్దా ఒడ్డు మీదే నిలబడి చూసింది.

"రా అత్తా, ఒక చెయ్యెయ్యి," అని పిలిచాను.

"నాకు సముద్రం ఇచ్చింది చాల్లే."

"ఇదీ సముద్రం ఇచ్చిందేగా."

"ఇచ్చింది వేరు, గొరుక్కున్నది వేరు," అంది. "ఒక్కటీ మిగల్చకుండా కోస్తున్నారేంటే?"

"మళ్ళీ వస్తది అత్తా. మొదలుంచాం గదా."

ఆమె కొక్కెం కర్ర భుజాన వేసుకుని నడిచిపోయింది.

ఒక్కటీ మిగల్చలేదన్న మాట నిజం. ఇది నేను బాగా ఆలస్యంగా తెలుసుకున్నాను గనక గట్టిగా చెబుతాను. పారతో పెరికేవాడికి ఎంత ఆశ ఉన్నా, ఎక్కడో భయం ఉంటుంది. తీస్తే పోతుందని వాడికి తెలుసు. మాకు ఆ భయం లేదు. మొదలుంచాం గనక మేం చేసేది పాపం కాదని నమ్మాం. అందుకని పార ముట్టనిచోట కూడా కొడవలి ముట్టింది. లేతదీ ముదురుదీ చూడలేదు. పద్దెనిమిది రోజుల్లో గట్టు మొత్తం అయిపోయింది. దక్షిణపు మొనలో, అల విరుచుకుపడే పగులులో, కొడవలి అందని ఓ పదిహేను మొక్కలు తప్ప.

పట్నం రేడియోవాళ్ళు వచ్చి నన్ను మాట్లాడించారు. నేను మాట్లాడాను. నేను ఎప్పుడు మాట్లాడలేదు గనక!

నొల్బెర్తో ఆ పద్దెనిమిది రోజులూ పడవెక్కి గాలాలకు పోయాడు. క్రిస్మస్ రోజు ముగ్గురం టీ తాగుతూ ఎండుపళ్ళ రొట్టె తింటున్నాం.

"గట్టు వైపు వెళ్ళావా?" అని అడిగాను.

"వెళ్ళా."

"చిగురొస్తోందా?"

అతను రొట్టెలోంచి ద్రాక్ష ఏరి వాళ్ళమ్మ పళ్ళెంలో వేశాడు. ఆమెకు ద్రాక్ష ఇష్టం.

"నువ్వే పోయి చూడు," అన్నాడు.

*

నేను జనవరి రెండో వారం దాకా వెళ్ళలేదు. పనులున్నాయి అని చెప్పుకున్నాను. సంఘానికి పనులు ఎప్పుడూ ఉంటాయి.

వెళ్ళిన రోజు ఆటు బాగా తీసింది. గట్టు మీద కాలు పెట్టగానే మొదట తెలిసింది వాసన. చచ్చిన పంది వాసన. నల్లగా నిగనిగలాడాల్సిన మొండేలు నారింజ రంగుకు తిరిగి, అంచుల్లో తెల్లబడ్డాయి. ఒకదాని మీద వేలు పెట్టి నొక్కాను. నానిన రొట్టెలోకి దిగినట్టు వేలు దిగిపోయింది. ఇంకోదాన్ని నొక్కాను. దాని పక్కది. ఆ పక్కది. గట్టు మధ్యదాకా నొక్కుకుంటూ పోయాను.

మొండేల సందుల్లోకి ముళ్ళబంతులు, ఒళ్ళంతా ముళ్ళుండి నాచు మేసే గుండ్రటి సముద్రపు జీవులు, ఎక్కాయి. మేం పగలగొట్టి నిమ్మకాయ పిండుకు తినే ఎర్రవి కావు, నల్లవి, ఎందుకూ పనికిరానివి. ఉయిరో ఊగుతున్నంతకాలం దాని దెబ్బలకు అవి దగ్గరికి రావు. ఇప్పుడు కొట్టేవాళ్ళు లేరు. ఒక్క రాతిచేప లేదు. పీతలు ఎటో పోయాయి.

తిరిగొచ్చి షెడ్డులో ఏం చెప్పానో తెలుసా? మూడు నెలలు పడుతుంది అన్నాను. చలినీళ్ళు రావాలి అన్నాను. నా నోటికి అబద్ధం అంత నున్నగా వస్తుందని అప్పుడే తెలిసింది.

"లూసర్న్‌కి నలభై రోజులన్నావ్?" అన్నాడు ఎలియాసర్.

"ఇది ఉప్పునీళ్ళు."

"అదీ నిజమేలే," అన్నాడు. పాపం, నమ్మాడు.

సునీల్దా రోజూ వెళ్ళి వస్తూనే ఉంది. సంచి ఖాళీ. అడవి లేకపోతే అల దేన్ని తెంపుతుంది, దేన్ని తెస్తుంది? ఒడ్డు మీద ఏరుకుని బతికే ఆడవాళ్ళు పదకొండు మంది, అందరిదీ అదే కథ. సంఘంలో ఓటు కూడా లేనివాళ్ళు వాళ్ళు.

"ఇవ్వాళ ఏమిచ్చింది అత్తా?"

"ప్లాస్టిక్ సీసా. మూత కూడా ఉంది," అనేది. ఎత్తిపొడుపు కాదు. ఉన్నది చెప్పేది.

అలల చప్పుడు కూడా మారింది. ముందు గట్టు మీద ఉయిరో అల నడుం విరిచేది, రేవులోకి వచ్చేసరికి నీళ్ళు మెత్తగా ఉండేవి. ఇప్పుడు రాయిని తిన్నగా కొడుతోంది, ఎవరో పెద్ద తలుపు దడాలున వేసినట్టు. పడవలు దించే వాలు దగ్గర సిమెంటు పగిలింది. అమ్మలు పిల్లల్ని నీళ్ళలోకి పంపడం మానేశారు.

తప్పు నాది అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పకుండా ఉండటానికి నేను ఎంత పని చేశానో. పొరుగు రేవు దొంగలు వచ్చి పాడుచేస్తున్నారని పుకారు లేపాను. నేనే లేపి నేనే నమ్మాను. చేపల శాఖ ఆఫీసుకు పోయి గట్టును మూసేయించాను: ఎవరూ ఏమీ తియ్యకూడదు, పారతో కనిపిస్తే కేసు. కొండ మీద కాపలా పెట్టించాను, వంతుల వారీగా. నా వంతు మంగళవారం, శుక్రవారం.

*

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. పొద్దున తొమ్మిదవుతుంది, పొగమంచు అప్పుడే విడుతోంది. దక్షిణపు మొన మీద మనిషి కనపడ్డాడు. చేతిలో పార, అన్నీ లాక్కున్నాక ఎక్కడ దొరికిందో; పక్కన గోనెసంచి. వంగి కుమ్ముతున్నాడు, తీసినదాన్ని సంచిలో వేస్తున్నాడు. కోతకు మిగిలిన ఆ పదిహేను మొక్కలూ సరిగ్గా అక్కడే ఉన్నాయి.

ముఖం కనపడలేదు. ఎడమకాలు చాపి, కుడిమోకాలి మీద బరువేసి వంగే ఆ వంగుడు చూశాను. పదిహేడేళ్ళుగా చూస్తున్న వంగుడు.

ఫోన్ తీసి చేపల శాఖ ఇన్‌స్పెక్టరు పరేదెస్‌కు చేశాను.

అతను ట్రక్కులో అరగంటలో వచ్చాడు. ఇద్దరం గట్టు మీదికి దిగాం. నొల్బెర్తో మమ్మల్ని చూసి పారను రాతికి ఆనించి నిలబడ్డాడు. పారిపోలేదు. తడిసిన గోనెసంచి మూతి తాడుతో కట్టేసి ఉంది.

"ఏం తీస్తున్నారు?" అని అడిగాడు పరేదెస్. పాతికేళ్ళుంటాయేమో, మర్యాదస్తుడు.

"ఆవిణ్ణి అడగండి. పిలిచింది ఆవిడేగా," అన్నాడు నొల్బెర్తో.

పరేదెస్ నా వైపు తిరిగాడు. "సంచిలో ఏముందండీ?"

"ఉయిరో," అన్నాను.

"సంచి విప్పి చూడు క్లోరీ," అన్నాడు నొల్బెర్తో.

"చూడక్కర్లేదు. పదిహేనే మిగిలాయి గట్టు మీద. వాటినీ వదల్లేదు నువ్వు."

అతను తల తిప్పి పగులు వైపు చూశాడు. నేను ఆ వైపు చూడలేదు. కోపంలో మనిషికి మెడ తిరగదు. పరేదెస్ మూసిన ప్రాంతం, ఇనప పార, ఉయిరో ఒక సంచి అని రాశాడు, కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. పారనూ సంచినీ ట్రక్కులో వేసుకున్నాడు. ఉయిరో తియ్యడానికీ చేపలు పట్టడానికీ ఇచ్చే గుర్తింపు కార్డు నొల్బెర్తో జేబులోంచి తనే తీసి ఇచ్చాడు. మూడేళ్ళు రద్దు.

నేను పొద్దు వాలేదాకా షెడ్డులోనే ఉండి ఇంటికి వచ్చాను. సునీల్దా వాకిట్లో బంగాళాదుంపలు తొక్క తీస్తోంది. నా వైపు చూడలేదు.

"వాణ్ణి పట్టించావటగా."

"అత్తా, గట్టు మూసి ఉందని తెలిసీ—"

"సంచిలో ఏముందో చూశావా?"

ఆమె కత్తి పట్టుకునే లేచింది.

"వెనక్కి రా," అంది.

ఇంటి వెనక, కోళ్ళగూడు దాటాక, కొత్తగా తవ్విన గుంట. పైన మట్టి కప్పి ఉంది. ఆమె కాలితో మట్టి తోసింది. మొండేలు. కుళ్ళి, తెల్లబడి, పురుగు పట్టిన ఉయిరో మొదళ్ళు, సంచుల కొద్దీ. మూడు వారాలుగా ఇంట్లో వస్తున్న వాసన ఒడ్డు మీంచి అనుకున్నాను.

"పొగమంచు విడకముందే పోయి రోజుకో సంచి తెస్తున్నాడు," అంది. "ఆ కుళ్ళు రాతిని పట్టుకుని ఉన్నన్నాళ్ళూ కొత్త పిల్ల దిగదట. మొనలో మిగిలిన మొక్కలు చలికాలంలో విత్తనం వదుల్తాయి. అప్పటికి వాటి చుట్టూ రాయి శుభ్రంగా ఉండాలట. ముళ్ళబంతుల్నీ ఏరి పారేస్తున్నాడు. చుట్టూ ముప్పై అడుగులు చేశాడు, ఇంకో ముప్పై చేస్తే చాలేమో అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

సునీల్దా కత్తిని గౌను అంచుకు తుడుచుకుంది.

"చెప్పాడుగా, మీటింగులో," అంది.

*

నొల్బెర్తో వారం తర్వాత వెళ్ళాడు. కార్డు లేనివాడికి రేవులో పని లేదు. ఎడారిలో గని క్యాంపు ఉంది, అక్కడ వంటశాలలో గిన్నెలు తోమడానికి మనుషులు కావాలట. బస్సు దగ్గరికి నేను వెళ్ళాను. సంచీ పట్టుకుంటానంటే ఇచ్చాడు. అందుకే భయమేసింది నాకు. ఇంతకుముందైతే ఇచ్చేవాడు కాదు, వేళాకోళమాడేవాడు.

"ఆఫీసుకి పోయి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటా," అన్నాను.

"తీసుకో."

"కోపంగా ఉందా?"

"కోపం లేదు క్లోరీ. నీతో మాట్లాడాలంటే మీటింగులోలా చెయ్యెత్తాల్సొస్తుంది. అలిసిపోయా."

బస్సెక్కాడు. కిటికీ వైపు కూర్చోలేదు.

ఆఫీసుకు వెళ్ళాను. పెట్టిన సంతకం వెనక్కి రాదన్నారు.

మార్చిలో మీటింగు పెట్టి చెప్పాను. కాగితం రాసుకోలేదు. కోయించింది నేను, అది గుప్పిటే, వేరు కాదు, గట్టు చచ్చిపోయింది, దొంగలెవరూ రాలేదు, నొల్బెర్తో మొదళ్ళు ఏరుతున్నాడు, నేను పట్టించాను. తిడతారనుకున్నాను. తిట్టాల్సింది. రాళ్ళేసినా కాదనను. వాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నేనూ చెయ్యెత్తా," అన్నాడు ఎలియాసర్. "అతను చెప్తుంటే నవ్వా కూడా."

"నేను దిగిపోతున్నాను. ఇంకొకర్ని ఎన్నుకోండి."

"ఎవరిని ఎన్నుకోను? నా ఇద్దరు కొడుకులూ సోమవారం పోతున్నారు, దక్షిణం వైపు, పనికోసం. నువ్వే కూర్చో. ఇప్పుడు ఆ కుర్చీ ఎవడిక్కావాలి?"

తప్పు చేసినవాళ్ళకి శిక్ష వెయ్యాలి, ఎందుకంటే శిక్ష వేస్తే ఆ తప్పు బరువు కొంత వేసినవాళ్ళూ మోసినట్టు. వాళ్ళు నాకది కూడా ఇవ్వలేదు.

ఒక పార అడిగాను. లాక్కున్న పారలు అప్పటికే పాతఇనుము వాడికి అమ్మేశాం, నేనే అమ్మించాను. సునీల్దా మంచం కిందనుంచి పాతదొకటి తీసింది, ఆమె మొగుడిది. చేత్తో పట్టుకునే చోట ఇనుము సన్నగా అరిగిపోయింది.

మధ్యాహ్నం ఆటుకు, నలుగురూ చూసే వేళకు, గట్టు మీదికి దిగాను. మొన దగ్గర నొల్బెర్తో వదిలిపెట్టిన చోటు చూస్తే తెలిసిపోతుంది. అక్కడిదాకా రాయి గులాబి రంగులో గోకినట్టు శుభ్రంగా ఉంది. ఆ పైన కుళ్ళు. మధ్యలో పగుల్లో ఆ పదిహేను మొక్కలూ అలకు ఊగుతున్నాయి. లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు.

నాకు ఈ పని రాదు. పార దూర్చడానికి సందు ఎక్కడో తెలీదు. మొదటి మొదలు ఊడటానికి పావుగంట పట్టింది. అరచేతులు పగిలాయి. నడుం లోతులో అల వచ్చి కొట్టింది, రాతి మీద పడ్డాను, లేచాను. రెండోది. మూడోది.

పరేదెస్ ట్రక్కు వచ్చి ఒడ్డున ఆగింది. నేనే కబురు చేశాను, మూసిన గట్టు మీద పారతో ఉంటాను, వచ్చి కేసు రాసుకోమని. అతను బూట్లు తడవకుండా రాళ్ళ మీద ఎంచుకుని ఎంచుకుని నడిచి వచ్చాడు.

"రాయండి," అన్నాను. "మూసిన ప్రాంతం, ఇనప పార, సంచి."

అతను సంచిలోకి తొంగి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఇది చచ్చిన చెత్తండీ. మొక్క కాదు. చెత్త తీస్తే కేసేముంది? మంచి పనే, తియ్యండి."

"నా మొగుడి సంచిలోనూ ఇదే ఉంది."

పరేదెస్ సంచి మూతి మళ్ళీ మూశాడు. చెడ్డవాడు కాదు. అతనికి అప్పుడే అర్థమైందని నాకు కనపడింది. అర్థమైనా చేసేదేమీ లేదని కూడా.

"ఆ రోజు మిమ్మల్ని అడిగానండీ," అన్నాడు. "సంచిలో ఏముందని. మీరు ఉయిరో అన్నారు. సంఘం అధ్యక్షురాలు చెప్పాక నేనింకేం విప్పి చూస్తాను?"

మళ్ళీ రాళ్ళ మీద ఎంచుకుని ఎంచుకుని నడుస్తూ వెళ్ళిపోయాడు.

పోటు వచ్చేదాకా పదకొండు మొదళ్ళు తీశాను. గట్టు మీద ఎన్ని వేలున్నాయో నాకు తెలుసు. కోయించింది నేనే.